వెండి మింగిన బంగారం

మంగళవారం పొద్దున ప్యో వారింట్లో చెక్కపెట్టె మూత తీసేసరికి వెండి కొప్పుసూది ఉన్నచోటే ఉంది. దాని తలమీద రెక్కలు విప్పిన రెండు బంగారు సీతాకోకచిలుకలు మాత్రం లేవు. ఎవరూ గీకలేదు, ఎవరూ ఒలవలేదు. వెండిని అతిగా కాల్చారు. మితిమీరి కాలిన వెండి తన మీది పల్చని బంగారు రేకుని తనలోకి లాగేసుకుంది. మిగిలింది పాలిపోయిన పసుపు మచ్చ.

రాష్ట్ర కళాసంఘం తరఫున పరిశీలనకు వచ్చేది గురువారం. వెండికి బంగారు రేకు అతికే పనిలో ఒక్కరికే వాళ్ళ గుర్తింపు. దరఖాస్తులో ఉన్న పేరు ఇంటి పెద్దకొడుకు దాల్సుది. సూది మీద బంగారం పరిచిన చెయ్యి మాత్రం ఓక్‌బున్‌ది. ఆమె అతని తమ్ముడి భార్య. భర్త పోయి పన్నెండేళ్ళయినా కూతురు మీరాన్‌తో ఆ ఇంట్లోనే ఉంటోంది. "పేరు నాదని కడుపుమంటతో నువ్వే కాల్చావు" అన్నాడు దాల్సు అందరి ముందూ. "వాళ్ళు వచ్చి వెళ్ళాక నీ కూతుర్ని తీసుకుని గోచాంగ్‌లో మీ పుట్టింటికి వెళ్ళిపో."

ఇవాళ గురువారం.

ఓక్‌బున్ కాలు ఒకచోట నిలవడం లేదు. కడిగిన గిన్నెల్నే మళ్ళీ కడిగింది. పెరట్లో సోయా జాడీల మూతలు ఎండకని తీసింది, వాన వస్తుందేమోనని పెట్టింది, రాలేదని మళ్ళీ తీసింది. చొంజు ఊరి మీద మూడు రోజులుగా మబ్బు కమ్మి ఉంది కాని చినుకు పడలేదు. ఒకటే ఉక్కపోత.

పనిగదిలో సుత్తి చప్పుడు ఆగిపోయింది. రెండు రోజులు రేయింబవళ్ళు కొట్టి దాల్సు కొత్త సూది తయారు చేశాడు. సుత్తి పనిలో అతనికి వంక పెట్టేవాడు చొల్లా ప్రాంతం మొత్తంలో లేడు. ఆ మాట ఓక్‌బున్ కూడా ఒప్పుకుంటుంది. కాని పొద్దుటి నుంచి ఆ తలుపు సందులోంచి వస్తున్నది బొగ్గుపొగ. అతను తలుపేసుకుని ఒంటరిగా బంగారం పరచడానికి చూస్తున్నాడు.

ఆమె అత్తగారికి పొద్దుటి భోజనం పట్టుకెళ్ళింది. పెద్దావిడ మల్సున్‌కి డెబ్బై ఆరేళ్ళు. నడుం వంగలేదు, నోరు తగ్గలేదు. చిన్న బల్ల మీద అన్నం, సోయాముద్ద పులుసు, ఎండుచేప, ముల్లంగి కిమ్చీ. చేప పళ్ళెం పెద్దదవడంతో రోజూ కుడిపక్కన ఉండే ముల్లంగి గిన్నెని ఇవాళ ఎడమకి జరిపింది.

మల్సున్ చాప్‌స్టిక్స్ తిన్నగా కుడివైపుకి వెళ్ళాయి. ఖాళీ బల్ల మీద మూసుకున్నాయి. మళ్ళీ తెరుచుకుని కాస్త ముందుకి జరిగి మళ్ళీ ఖాళీగానే మూసుకున్నాయి. అప్పుడావిడ అసలు తన ఉద్దేశం అదే అన్నట్టు పులుసు గిన్నె ఎత్తి గుక్క తాగింది.

ఓక్‌బున్ ఆ చాప్‌స్టిక్స్ వైపే చూసింది. నిన్న వెనకగదిలో కుంపటి చుట్టూ చూసిన బూడిద గుర్తొచ్చింది. ఒక పక్క అద్దంలా ఊడ్చి ఉంది. ఇంకో పక్క దోసెడు బూడిద అలాగే వదిలేసి ఉంది. మీరాన్ ఊడ్చిందేమో, తొందరలో వదిలేసిందేమో అనుకుంది.

"అత్తయ్యా, ముల్లంగి ఎడమపక్కన పెట్టాను."

"చూశాన్లేవే. ముందు పులుసు తాగాలనిపించింది."

"మీరు పట్టుకున్న గిన్నె ఏ రంగు?"

"ఏం ప్రశ్నే అది? అన్నం పెట్టడానికొచ్చావా, పరీక్ష పెట్టడానికొచ్చావా?"

"చెప్పండి."

"తెల్లది. మనింట్లో గిన్నెలన్నీ తెల్లవేగా."

అది నీలం గిన్నె. పక్కింటివాళ్ళు చేపల పులుసు పంపిన గిన్నె, తిరిగి ఇవ్వాల్సింది. ఓక్‌బున్ తలుపు దగ్గరగా వేసి వచ్చి అత్తగారి మోకాళ్ళ ముందు కూర్చుంది.

"ఎప్పటినుంచి?"

మల్సున్ గిన్నె దించబోయి, బల్ల అంచు వేలితో తడిమి చూసుకుని, దించింది.

"కుడిది పోయిన చలికాలం నుంచి. బియ్యం కడిగిన నీళ్ళలోంచి చూసినట్టుంటుంది. ఎడమది ఈ వసంతంలో మొదలైంది. మనిషి వస్తే నీడ కదులుతుంది, గొంతుని బట్టి ఎవరో తెలుస్తుంది. నువ్వు మాట్లాడకపోయినా తెలుస్తావు. నీ దగ్గర బొగ్గు వాసన."

"డాక్టరుకి చూపిస్తే తీసేస్తారు కదా ఆ పొర!"

"తోఫు అమ్మే ముసల్ది తీయించుకుంది. ఇప్పుడు దానికి చీకటి కూడా సరిగా కనపడట్లేదట" అంది మల్సున్. నవ్వబోయింది కాని నవ్వు రాలేదు. "దాల్సుకి తెలిస్తే నన్ను సియోల్లో వాళ్ళక్క దగ్గర పదకొండో అంతస్తులో పడేస్తాడు. అక్కడ మెట్టు నాకు తెలీదు, గోడ తెలీదు. ఈ ఇల్లు నా కాళ్ళకి తెలుసు. ఇక్కడే ఉండనీ."

"సోమవారం నేను బజారుకి వెళ్ళినప్పుడు కుంపటి వెలిగించింది మీరేనా?"

"నేనే."

అంత తేలిగ్గా వస్తుందనుకోలేదు ఓక్‌బున్ ఆ జవాబు. రెండు రోజులుగా అణుచుకున్నది ఒక్కసారిగా కోపమై పైకి వచ్చింది.

"ఎందుకత్తయ్యా? పదకొండు రోజుల పని అది!"

"కోప్పడు. తిట్టు. కాని విను. వాళ్ళు చూసేముందు ఒకసారి తడుముదామని పెట్టెలోంచి తీశాను. ఎడమ సీతాకోకచిలుక రెక్క చివర, గసగసాల గింజంత పొక్కు తగిలింది వేలికి. రేకు కింద గాలి ఉండిపోయింది. నీ కళ్ళకి ఆనలేదు, నా వేలికి ఆనింది. ఆ పొక్కుతో సంఘంవాళ్ళ ముందుకు వెళ్తే, నాలుగేళ్ళలో అక్కడ లేచిపోతుంది. సన్నసూదితో ఒక్క పోటు, కాస్త వేడి చేసి ఒక్క రుద్దు, అంతే. ఎన్నివేల సార్లు చేశాను! వేడి తెలియడానికి గడ్డిపరక ఆనించి చూస్తాం కదా. అది తేనెరంగుకి రావాలి. ఆ రంగే నాకు కనపడలేదు. మాడిన వాసన బట్టి పట్టుకుందామనుకున్నాను. బొగ్గు చెమ్మగిల్లి ఉంది. ఆ పొగలో పరక వాసన కలిసిపోయింది. వేలికి మళ్ళీ అందేసరికి రెక్కలు లేవు."

ఓక్‌బున్‌కి ఆ మాటల్లో ఒకటి ముల్లులా గుచ్చుకుని నిలిచిపోయింది.

"ఎన్నివేల సార్లు చేశాను అన్నారా?"

మల్సున్ మొహం తిప్పుకుంది. తిప్పుకున్న వైపు గోడ ఉంది.

ఓక్‌బున్ ఈ ఇంటికి కోడలిగా వచ్చి పంతొమ్మిదేళ్ళు. వచ్చేనాటికే మామగారి చేతులు వణికేవి. ఒకప్పుడు ఆయన తెల్లారుజామున తలుపేసుకుని ఒక్కడే బంగారం పరిచేవాడని, ఆ పని ప్యో వంశంలో తండ్రి నుంచి కొడుక్కి వచ్చే విద్య అని ఊరంతా చెప్పుకునేవారు. కొడుకులిద్దరికీ ఆ చెయ్యి రాలేదు. అందుకని కొత్తకోడలికి నేర్పించాడు. ఎదుట కూర్చుని కాదు. మల్సున్ వచ్చి చెప్పేది: మీ మామగారు ఇలా పట్టమన్నారు, మీ మామగారు అంత నొక్కొద్దన్నారు.

"ఆయన ఒక్కనాడైనా పరిచారా?" అంది ఓక్‌బున్.

"మంచి సుత్తి ఆయనది. దేవుడిలాంటి సుత్తి. బంగారం దగ్గరికి రాగానే చేతులు ఎద్దు గిట్టల్లా అయిపోయేవి" అంది మల్సున్. "ఈ విద్య ప్యో వాళ్ళది కాదే. కేసొంగ్‌లో మా అమ్మది. నా పెళ్ళిబట్టల మూటలో రేకు రుద్దే నునుపురాతి కలం ఒకటి పెట్టి పంపింది. ఆ తర్వాత యుద్ధమొచ్చి దేశం రెండై మధ్యలో సరిహద్దు పడింది, అమ్మ అటే ఉండిపోయింది. ఆడదాని పని అంటే కొనేవాడు పెదవి విరిచేవాడు. ప్యో గారి పని అంటే రెండు చేతులా అందుకునేవాడు. పిల్లల నోట్లోకి అన్నం వెళ్ళాలి కదా. తెల్లారుజామున తలుపేసుకున్నది నేను. ఆయన లోపల కూర్చుని పొగాకు తాగేవాడు."

"మరి మామగారు చెప్పారని నాకు చెప్పినవన్నీ?"

"నావే. ఊపిరి బిగబట్టు, గాలికి రేకు బెదురుతుంది అన్నది నేనే. బొమ్మ మధ్యలోంచి అంచుకి రుద్దు, గాలి పారిపోవడానికి దారి వదులు అన్నదీ నేనే."

ఓక్‌బున్‌కి పెళ్ళైన మూడో ఏడు, మొదటిసారి ఒక గాజు మీద తీగ చెదరకుండా పరిచిన రోజున, మల్సున్ వచ్చి చెప్పింది: "మీ మామగారు అన్నారు, నీ చెయ్యి మంచి చెయ్యట." ఆ ఒక్క మాటని ఆమె భర్త పోయిన ఏడాదంతా తలుచుకుని బతికింది.

"నా చెయ్యి మంచి చెయ్యి అన్నది?"

"నేనే అన్నాను" అంది మల్సున్ మెల్లగా. "నా నోటితో అంటే విలువ ఉండదనుకున్నాను."

ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. ఏది ముందు బయటికి వస్తుందో తెలియక ఓక్‌బున్ లేచి నిలబడింది.

"మీరాన్ వాళ్ళమ్మా" అంటూ గాలిలో ఆమె గౌను అంచు కోసం వెతికింది మల్సున్. "దాల్సుకి చెప్పకు. నాలుగు రోజులు ఆ నింద నీమీద ఉండనీ. ఈ గొడవ చల్లారాక నేనే సర్దుతాను."

"నా కూతురు రెండు రోజులుగా నా మొహం చూడట్లేదత్తయ్యా. నిన్న బడికి వెళ్తూ అడిగింది, నిజంగా నువ్వే కాల్చావా అమ్మా అని. దానికేం చెప్పమంటారు?"

ఓక్‌బున్ బల్ల తీసుకుని బయటికి వచ్చేసింది. అన్నం సగం అలాగే ఉంది.

మధ్యాహ్నం దాల్సు వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి, భుజాలు ఇంకా కుర్రాడివే. వేళ్ళ చివర్లు కాలి ఎర్రబడి ఉన్నాయి.

"బొగ్గు తడిగా ఉంది" అన్నాడు ఎవరితోనో అన్నట్టు.

"ఊఁ."

"రేకు జారిపోతోంది. ఈసారి రేకు బాగాలేదు."

"రేకు మంచిదే బావగారూ. వెండిని చేత్తో పట్టుకుని ఉంటారు. చేతి జిడ్డు ఉంటే పట్టదు."

"నాకు పాఠాలు చెప్పకు." గొంతు తగ్గించాడు. "మూడింటికి వస్తారు. నువ్వు నా పక్కన కూర్చో, రేకులు అందించేదానిలా. కుంచె నేను పట్టుకుంటాను. రేకు వెండి మీద పడ్డాక, సర్దుతున్నట్టు, నువ్వు చెయ్యి వేసెయ్."

ఓక్‌బున్ చేతిలో పిడతని గట్టుమీద పెట్టింది.

"కడుపుమంటతో కాల్చినదాని చేత మళ్ళీ కుంపటి దగ్గర పని చేయించుకుంటారా?"

దాల్సు మొహం కందిపోయింది. "ఈ ఒక్కపూట గట్టెక్కించు. గోచాంగ్ మాట మళ్ళీ ఎత్తను. మీరాన్ చదువు నేను చూసుకుంటాను."

"అంటే నేను కాల్చలేదని మీకు తెలుసు."

"తెలీదు" అన్నాడతను. అని, ఆమె కళ్ళలోకి చూడలేక జాడీల వైపు చూశాడు. "ఇంకెవరు కాలుస్తారు?"

ఆమె ఒప్పుకోలేదు, కాదనలేదు. అతను ఒప్పుకుందనే అనుకుని వెళ్ళిపోయాడు.

మూడింటికి కాస్త ముందే వచ్చారు. సంఘం తరఫున తాక్ గారు, చిన్న ఆకారం, అరవై ఐదేళ్ళుంటాయి, ఎండలేని రోజున కూడా వెడల్పాటి టోపీ. వెనకాల కార్యాలయం గుమాస్తా ఒకడు కెమెరా సంచీ మోసుకుంటూ వచ్చాడు. సియోల్ ఒలింపిక్స్‌కి మూడు నెలలే ఉందని, విదేశీయులకి చూపించే పుస్తకంలో ఫొటోలు వేస్తారని గేటు దగ్గర్నుంచీ చెబుతూనే ఉన్నాడు. సంచీని వసారా మెట్టు మీద దించి, లేచి ఒళ్ళు విరుచుకున్నాడు. బార్లీ నీళ్ళు ఇస్తే తాక్ గారు ఒక గుక్క తాగి పక్కన పెట్టేశారు.

కొత్త సూదిని భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. "ఈ సుత్తి దెబ్బలు... ఒక్కటి తేడా లేదే" అన్నారు. దాల్సు గాలి పీల్చుకున్నాడు. "సరే. ఇప్పుడు బంగారం వేయండి. కొత్తగా ఏదైనా, నా ముందు."

వసారాలో కుంపటి మీద పెట్టిన ఇనప పలక కింద బొగ్గు ఎర్రబడి ఉంది. దాల్సు కూర్చున్నాడు. పక్కన ఓక్‌బున్, ఒళ్ళో కాగితాల మధ్య కత్తిరించిన రేకులు. అతను సూది తలని పలక మీద పెట్టాడు. నుదుటి చెమట చుక్క వెండి మీద పడి చుయ్‌మంది. తాక్ గారి కనుబొమ్మ లేచింది. దాల్సు కుంచె తడిపి రేకు ఎత్తాడు. ఊపిరి బిగబట్టలేదు. రేకు మడత పడి ఒక పక్కకి ఒరిగింది. దాన్ని లాగబోతే చిరిగింది. రెండోది వేశాడు. ఇది సరిగ్గానే పడింది. అతను ఓక్‌బున్ వైపు చూడలేదు కాని మోచేతితో మెల్లగా తట్టాడు. ఆమె చెయ్యి దానంతటదే ముందుకి కదిలింది.

"ఆవిడని చెయ్యి తీయమనండి" అన్నారు తాక్ గారు.

చెయ్యి ఆగిపోయింది. దాల్సు రాతి కలంతో రుద్దాడు. రేకు కలానికే అంటుకుని పైకి లేచి వచ్చేసింది.

గుమాస్తా కెమెరా పట్టుకునే ఉన్నాడు కాని నొక్కలేదు.

"పోయినవారం టెలిఫోన్‌లో మీరొక సూది గురించి చెప్పారు, రెండు సీతాకోకచిలుకలున్నది" అన్నారు తాక్ గారు. "అది చూపించండి."

"అది... పాడైంది. ఇంట్లోవాళ్ళే పాడుచేశారు" అన్నాడు దాల్సు. ఈసారి తిన్నగా ఓక్‌బున్ వైపు చూశాడు.

తాక్ గారు కూడా ఆమె వైపు తిరిగారు. "మీరా?"

ఓక్‌బున్ నిజం చెబితే అత్తగారు సియోల్‌కి పోవాలి. చెప్పకపోతే కూతురి కళ్ళలో తను దోషి. ఆమె ఒళ్ళోని కాగితాల్ని దగ్గరికి లాక్కుంది.

"పాడుచేసింది అది కాదు, నేను."

మల్సున్ గొంతు. ఆవిడ తన గది గడప దాటి ముంగిట్లో నడుచుకుంటూ వస్తోంది. తల నిటారుగా, చేతులు పక్కకి దించి, ఎప్పుడూ నడిచినట్టే. ఆ అడుగులు ఆమె కాళ్ళకి కంఠతా వచ్చు. కాని వసారా మెట్టు మీద కెమెరా సంచీ ఉంది. అది ఆమె కాళ్ళకి తెలీదు.

ఓక్‌బున్ "అత్తయ్యా" అని అరిచి దూకింది. కాని అప్పటికే మల్సున్ మోకాళ్ళ మీద పడింది. పడ్డాక చేతులతో మెట్టు తడిమింది, సంచీ తడిమింది, అదేమిటో తెలియక మళ్ళీ తడిమింది. చూస్తున్న వాళ్ళకి ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది.

"అమ్మా" అన్నాడు దాల్సు. చేతిలో రాతి కలం కింద పెట్టేశాడు. "అమ్మా, నీ కళ్ళు..."

"కళ్ళు లేవు. నోరుంది, విను" అంది మల్సున్ కోడలి భుజం పట్టుకుని లేస్తూ. "ఆ సూదిని మాడ్చింది నేను. దాన్ని చేసింది ఇదిగో, ఇది. అంతకుముందు మీ నాన్న పేరు మీద వెళ్ళినవన్నీ చేసింది నేను. నువ్వు కాగితంలో రాశావే, మూడు తరాలుగా తండ్రి నుంచి కొడుక్కని. మీ నాన్న తండ్రి గునపాలు చేసేవాడురా. బంగారం రంగెలా ఉంటుందో కూడా ఆయనకి తెలీదు."

"అతిథుల ముందు ఏం మాటలమ్మా ఇవి!"

"అతిథులు పోయాక అయితే మళ్ళీ నలభై ఏళ్ళు ఊరుకుంటాను. నా సంగతి నాకు తెలుసు." ఆవిడ మొహం తాక్ గారు ఉన్నారనుకున్న వైపుకి తిప్పింది. కాస్త పక్కకి పోయింది. "అయ్యా, నా కొడుకు సుత్తి చూశారు కదా. అది నిజమైనదే. మిగతాది చూడాలంటే దీన్ని కూర్చోనివ్వండి."

తాక్ గారు దాల్సుని చూశారు. దాల్సు కుంపటి ముందు నుంచి పక్కకి జరిగాడు.

ఓక్‌బున్ కూర్చుంది. మొదట ఆ సూదిని బూడిదతో తోమింది, కడిగింది, వేలు తగలనీయకుండా గుడ్డతో తీసి పలక మీద పెట్టింది. కుంపటి వేడి మొహానికి తగులుతుండగా గడ్డిపరక ఆనించింది. పచ్చగానే ఉంది. ఆగింది. మళ్ళీ ఆనించింది. పరక మెల్లగా తేనెరంగుకి తిరిగింది. ఊపిరి బిగబట్టి, తడి కుంచె కొనతో రేకుని దించింది. గాలికి చెదరకుండా అది వెండి మీద వాలింది. రాతి కలం కొనతో మధ్యలో ఒక్క నొక్కు. అక్కడ పట్టిందని చేతికి తెలిసింది. ఇక అక్కడి నుంచి అంచులకి, గాలిని తోలుకుంటూ, ఆగకుండా రుద్దింది. పల్చని రేకు వెండి మీద దద్దుర్లు లేని చర్మంలా కూర్చుంది. కలాన్ని నీళ్ళలో ముంచితే చుయ్‌మంది.

తాక్ గారు గోరుతో అంచుని గీరి చూశారు. సన్నటి కుట్టుసూది మొన దూర్చి చూశారు. ఎత్తడానికి అంచంటూ ఏదీ దొరకలేదు.

"అమ్మా, ఒకసారి" అని ఆయన దాన్ని మల్సున్ చేతికిచ్చారు. ఆవిడ బొటనవేలితో తడిమింది, రెండుసార్లు. కోడలి వైపు చేతిని చాపి, అందిన చోట మోచేతి మీద గట్టిగా గిల్లింది. అది ఓక్‌బున్‌కి నొప్పిగానే తగిలింది.

తాక్ గారు దరఖాస్తు కాగితం తీసి మోకాలి మీద పెట్టుకున్నారు.

"నా ఇబ్బంది వినండి. నియమం ప్రకారం ఒక్కరి పేరే రాయాలి. వెండి ముద్ద నుంచి చివరి మెరుగు దాకా మొత్తం ఒక్క చేత్తోనే జరగాలి. ఆయనకి సగం వచ్చు, మీకు సగం వచ్చు. ఇద్దరికీ ఇవ్వలేను. పేరు మార్చుకోవడానికి మాత్రం ఇవాళ వీలుంది. మార్చుకుంటే నలభై రోజుల్లో మళ్ళీ వస్తాను. అప్పుడు ముద్ద నుంచి మొదలుపెట్టి నా ముందు చేయాలి." ఆయన కలం మూత తీశారు. "మీ పేరు రాయమంటారా?"

ఇంతవరకు ఆమెనెవరూ ఆ ప్రశ్న అడగలేదు. మీరాన్ అమ్మ, దాల్సు మరదలు, ప్యో వారి చిన్నకోడలు. ముంగిలి అవతల గేటు తీసిన చప్పుడైంది. బడి నుంచి వచ్చిన మీరాన్, సంచీ భుజాన్నే ఉంచుకుని, అక్కడే నిలబడి చూస్తోంది.

"దానికి సుత్తి పట్టుకోవడమే రాదు" అన్నాడు దాల్సు బొంగురుగా. "నలభై రోజుల్లో సుత్తా! నాకు తొమ్మిదేళ్ళు పట్టింది."

"రాయండి" అంది ఓక్‌బున్. పుట్టింటి పేరుతో సహా చెప్పింది: "సాంగ్ ఓక్‌బున్."

రాసి, ఊది, మడిచి, తాక్ గారు టోపీ పెట్టుకుని లేచారు. గుమాస్తా సంచీని చంకలో పెట్టుకుని, మల్సున్‌కి మూడుసార్లు నడుం వంచి క్షమాపణ చెప్పి వెనకే నడిచాడు.

గేటు మూసుకోగానే దాల్సు పనిగదిలోకి వెళ్ళాడు. గోడకి వరసగా వేలాడుతున్న సుత్తులు ఒక్కొక్కటే దించి, పాత దుప్పట్లో చుట్టాడు. ఎవరివైపూ చూడలేదు. మూట చంకలో పెట్టుకుని బయటికి వచ్చి, తలుపు దగ్గరికి లాగి, తాళం వేశాడు. మల్సున్ ఆ చప్పుడుకి తల తిప్పింది. "దాల్సూ" అని పిలిచింది.

ఓక్‌బున్ ముంగిలి దాటి అతని వెనక నిలబడింది. అతని మెడ మీద చెమట, బొగ్గుమసి చారలు కట్టి ఉన్నాయి. రెండు రోజులుగా ఆ మనిషి నిద్రపోలేదు.

"బావగారూ" అంది. "నాకు సుత్తి నేర్పండి."

దాల్సు వీపు బిగుసుకుంది. తాళంచెవి ఇంకా తాళంలోనే ఉంది, అతని వేళ్ళు దాని మీదే ఉన్నాయి. అతను దాన్ని బయటికి లాగలేదు. వెనక్కి తిరగనూ లేదు.

"నువ్వు ఎవర్ని అడుగుతున్నావో నీకు తెలుసా?" అన్నాడు తలుపుతో అన్నట్టు.

"తెలుసు. చొల్లా మొత్తంలో వంక పెట్టలేని సుత్తి ఎవరిదో, వాళ్ళనే అడుగుతున్నాను."